పూసే ముందు లోతు చూడండి: కాలినా, తెగినా, దురద పుట్టినా ఇంట్లో చేయాల్సినవి

చర్మానికి ఏమైనా అయితే మన చెయ్యి ముందు పసుపు డబ్బా మీదికి పోతుంది, లేకపోతే టూత్‌పేస్ట్ మీదికి, అదీ కాకపోతే వీధి చివర మెడికల్ షాపులో కొన్న ట్యూబు మీదికి. ఆ చెయ్యిని ఒక్క నిమిషం ఆపండి. ఏం పూయాలి అని అడిగే ముందు, ఇది ఎంత లోతుకు పోయింది అని అడగాలి. కాలినా, తెగినా, తామర వచ్చినా, మచ్చ పడినా ఆ ఒక్కటి తెలిస్తే ఇంట్లో చూసుకోవచ్చా, ఆసుపత్రికి పరుగెత్తాలా అన్నది చాలావరకు తేలిపోతుంది. చెన్నైలో కాపురముంటున్న తెలుగువాళ్ల కోసం రాస్తున్నది కాబట్టి ఇక్కడి ఉక్కపోత, ఇక్కడి నీళ్లు, ఓపీలో పనికొచ్చే నాలుగు తమిళ మాటలు కూడా చేర్చాం.

ముందు పొరలు తెలియాలి

పైది బాహ్యచర్మం. కనురెప్ప మీద దాని మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, అరికాలిలో మిల్లీమీటరున్నర దాకా ఉంటుంది. ఇందులో రక్తనాళాలు లేవు. గీసుకుపోయి తెల్ల గీత పడి, రక్తం రాలేదంటే దెబ్బ ఈ పొర దాటలేదన్నమాట. దీని అడుగు వరసలో కొత్త కణాలు పుడతాయి, మెల్లగా పైకి జరుగుతాయి, చివరికి పొట్టులా రాలిపోతాయి. ఈ ప్రయాణానికి సుమారు 4 వారాలు పడుతుంది. చర్మ రోగాలకు మందు వారాల తరబడి వాడమనేది అందుకే. చర్మానికి రంగునిచ్చే కణాలు కూడా ఆ అడుగు వరసలోనే ఉంటాయి.

దాని కింద అంతశ్చర్మం. రక్తనాళాలు, నరాల కొసలు, చెమట గ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ పీచు అన్నీ ఇక్కడే ఉంటాయి. గాయం మానే తీరు అంతా ఈ పొర ఎంత మిగిలిందన్న దాని మీద ఆధారపడుతుంది. పై పొర పూర్తిగా ఊడిపోయినా కింద కుదుళ్లు, చెమట గొట్టాలు మిగిలి ఉంటే, వాటి గోడల్లోని కణాలే పాక్కుంటూ పైకొచ్చి పుండును కప్పేస్తాయి. మోకాలు దోక్కుపోయిన చోట నాలుగైదు రోజుల తర్వాత వెలుతురులో చూడండి. ఎర్రటి పుండు మధ్యలో ఆవగింజంత లేత గులాబీ చుక్కలు లేస్తాయి, రోజురోజుకీ వెడల్పై ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఒక్కో చుక్క ఒక్కో కుదురు నుంచి వచ్చిన చర్మం. కుదుళ్లు కూడా పోయినంత లోతు దెబ్బ అయితే కొత్త చర్మం అంచుల నుంచి మాత్రమే రావాలి. దానికి నెలలు పడుతుంది, మచ్చ తప్పదు.

మూడోది కొవ్వు పొర. గాయంలో పసుపు రంగు గింజలు, ఉడికిన సగ్గుబియ్యంలా కనబడితే దెబ్బ అక్కడిదాకా పోయిందన్నమాట. ఇక ఇంట్లో చేసేదేమీ లేదు. శుభ్రమైన గుడ్డ అదిమిపట్టి బయల్దేరాలి.

కాలితే: మొదటి 20 నిమిషాలు

ఇంట్లో కాలేది ఎక్కువగా మంటకు కాదు. మరిగే రసం, తాలింపు నూనె, కుక్కర్ ఆవిరి, అంచు మీద పెట్టిన టీ కప్పు, హీటర్ కడ్డీ పెట్టిన స్నానాల బకెట్ వల్ల. చిన్నపిల్లలున్న ఇంట్లో బకెట్లో ముందు చన్నీళ్లు పోసి తర్వాతే వేణ్ణీళ్లు కలపండి. ఈ ఒక్క అలవాటుతో ఎన్నో ప్రమాదాలు తప్పుతాయి.

1. వేడి ద్రవం పడిన బట్టలు వెంటనే విప్పేయండి. తడిసిన బట్ట వేడిని చర్మానికి అదిమి ఉంచుతుంది. పాలిస్టర్ బట్ట కరిగి అతుక్కుపోతే మాత్రం పీకవద్దు, చుట్టూ కత్తిరించి వదిలేయండి. బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తనివ్వకుండా నేల మీద దొర్లించండి.

2. గాజులు, ఉంగరాలు, వాచీ, మెట్టెలు, పట్టీలు తీసేయండి. అరగంటలో వాపు వస్తుంది, అప్పుడవి కోస్తేగానీ రావు. రక్తం ఆగి వేలే పోవచ్చు.

3. కాలిన చోట 20 నిమిషాలు ధారగా చల్లటి నీళ్లు పోయండి. గడియారం చూసి 20 నిమిషాలు. పొయ్యి ఆపేసినా చర్మం లోపల వేడి కిందికి దిగుతూనే ఉంటుంది, దాన్ని బయటికి లాగేది నీళ్లే. ఆలస్యమైనా 3 గంటల లోపు పోస్తే ఉపయోగం ఉంది. చెన్నైలో ఒక చిక్కుంది. మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చేతికే చురుక్కుమంటాయి. ముందు ధారను మణికట్టు మీద చూసుకోండి. వేడిగా ఉంటే తాగే నీళ్ల క్యాను విప్పి చెంబుతో పోయండి. 20 లీటర్ల క్యాను నిమిషానికి లీటరు చొప్పున సరిగ్గా సరిపోతుంది. నీళ్లు తక్కువుంటే బేసిన్‌లో పడే నీటినే మళ్లీ పోసినా ఫరవాలేదు. ఐసు మాత్రం పెట్టకండి, అది రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేసి గాయాన్ని ఇంకా లోతు చేస్తుంది. పసిపిల్లలైతే కాలిన చోట మాత్రమే తడపండి, మిగతా ఒళ్లు దుప్పటితో కప్పండి.

4. తర్వాత వంటింట్లో గిన్నెలకు చుట్టే పల్చటి పారదర్శక ప్లాస్టిక్ షీటు ఉంటే, పైనున్న రెండు మూడు చుట్లు పారేసి, లోపలిదాన్ని గాయం మీద పొడవుగా పరచండి. చేయి చుట్టూ బిగించి తిప్పవద్దు, వాపు వస్తే బిగుసుకుంటుంది. అది లేకపోతే ఉతికిన పాత నూలు పంచె ముక్క చాలు. దూది వద్దు, పీచు అంటుకుంటుంది.

5. నొప్పికి పారాసెటమాల్. పెద్దలకు 500 మిల్లీగ్రాముల నుంచి గ్రాము, పిల్లలకు కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు.

టూత్‌పేస్ట్, ఇంకు, కాఫీ పొడి, ఇడ్లీ పిండి, గుడ్డు తెల్లసొన, వెన్న, పసుపు, వీటిలో ఏదీ వద్దు. ఇవి వేడిని లోపలే బంధిస్తాయి, క్రిములను మోసుకొస్తాయి. అంతకన్నా బాధాకరం ఇంకోటుంది. లోతు చూడాలంటే డాక్టరు వాటన్నిటినీ గీకి తీయాలి, ఆ గీకుడు పచ్చి పుండు మీద.

ఇప్పుడు లోతు చూడండి. ఎర్రబడి మండుతూ, బొబ్బ లేకపోతే పై పొర వరకే. వారంలో మానిపోతుంది, మచ్చ పడదు. బొబ్బలు లేచి, అడుగు తడిగా గులాబీగా, గాలి తగిలితేనే ప్రాణం పోయేంత నొప్పిగా ఉంటే అంతశ్చర్మం పైభాగం కాలింది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ రంగు తిరుగుతుంది, 2 వారాల్లో మానుతుంది. తెలుపు ఎరుపు కలిసి మచ్చలుగా, పొడిగా ఉండి, నొక్కితే రంగు మారకుండా నొప్పి కూడా తక్కువగా ఉంటే భయపడాల్సింది అప్పుడే. నరాల కొసలు కాలిపోయాయి గనుక నొప్పి లేదు. "నొప్పి లేదు, తగ్గిపోతుందిలే" అని ఇంట్లో కూర్చుంటే నష్టపోయేది ఇక్కడే. తెల్లగానో గోధుమరంగులోనో తోలులా గట్టిపడి ఉంటే చర్మం పూర్తి మందం పోయింది, వేరే చోటి చర్మం తెచ్చి అతకాల్సి రావచ్చు.

విస్తీర్ణం కొలవడానికి టేపు అక్కర్లేదు. కాలిన మనిషి అరచెయ్యి, వేళ్లతో సహా, ఆ మనిషి ఒంటిలో సుమారు 1 శాతం. పిల్లవాడికి పిల్లవాడి చెయ్యే కొలత, మీది కాదు. బొబ్బలు ఒక అరచేతిని మించితే, లేదా ముఖం, చేతులు, పాదాలు, మర్మావయవాలు, కీళ్ల మీద ఎంత కాలినా, ఐదేళ్లలోపు పిల్లలకైనా వృద్ధులకైనా, కరెంటు లేదా రసాయనం వల్ల కాలినా ఆసుపత్రికి పోవాలి. పెద్ద ప్రమాదమైతే 108కి ఫోన్ చేయండి. చెన్నైలో కాలిన గాయాలకు పేరున్న ప్రభుత్వ విభాగం కీళ్పాక్కం (కిల్పాక్) మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఉంది. కరెంటు దెబ్బను పైకి కనిపించే చిన్న నల్ల మచ్చను బట్టి అంచనా వేయవద్దు, లోపల కండరం ఉడికిపోయి ఉండొచ్చు, గుండె లయ తప్పొచ్చు.

సున్నం గురించి విడిగా చెప్పాలి. పొడి సున్నం ఒంటి మీద పడితే ముందు గుడ్డతో దులిపి, ఆ తర్వాతే నీళ్లు పోయాలి. తాంబూలపు సున్నం ప్యాకెట్టు పిల్లలు నొక్కితే చిట్లి కంట్లో పడుతుంది. అప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా కన్ను తెరిచిపట్టి అరగంట నీళ్లు పోస్తూ, రేణువులు శుభ్రమైన తడిగుడ్డ కొసతో తీస్తూ, కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బండి సైలెన్సర్ కాలు. మన బైకులకు సైలెన్సర్ కుడివైపు ఉంటుంది, కుడి పిక్క లోపలివైపు రూపాయి బిళ్ళంత కాలుతుంది. చూడటానికి చిన్నదే, కానీ వేడి లోహం నేరుగా తగిలింది కాబట్టి అనుకున్నదానికన్నా లోతు ఎక్కువ. పిక్క మీద రక్తప్రసరణ నెమ్మది, నడుస్తుంటే ప్యాంటు రాసుకుంటుంది, వారం తర్వాత చీము పడుతుంది. రోజూ కడిగి, పారాఫిన్ గాజుగుడ్డ (పుండుకు అంటుకోకుండా జిడ్డు పట్టించిన పల్చటి వల గుడ్డ) వేసి కట్టండి. 14 రోజులకు మానకపోతే ప్లాస్టిక్ సర్జన్‌కి చూపించండి. ఈ 14 రోజుల గీత ఏ కాలిన గాయానికైనా వర్తిస్తుంది.

బొబ్బలు చిదమవద్దు, లోపలి నీరు పుండుకు కట్టు లాంటిది. వాటంతటవే చిట్లితే సబ్బునీళ్లతో మెల్లగా కడిగి అదే గాజుగుడ్డ వేయండి.

తెగినా, దోక్కుపోయినా

రక్తం వస్తుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా 10 నిమిషాలు అదమండి. ఆగిందా లేదా అని మధ్యలో ఎత్తి చూడటం దాదాపు అందరూ చేసే తప్పు, ఎత్తిన ప్రతిసారీ కట్టుకుంటున్న గడ్డ ఊడిపోతుంది. ఆగాక కొళాయి నీటితో ఐదు నిమిషాలు ధారగా కడగండి. గాయం చుట్టూ సబ్బు, గాయంలో నీళ్లు. డెటాల్ చిక్కగా పోయడం, హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగలు తెప్పించడం క్రిములతోపాటు కొత్తగా పుడుతున్న కణాలనూ చంపుతాయి.

రోడ్డు మీద పడి దోక్కుపోతే ఇసుక, తారు నలుసులు మొదటిరోజే తీసేయాలి. ఉండిపోతే పచ్చబొట్టులా జీవితాంతం నీలి మచ్చ ఉంటుంది. కడిగినా రానివాటిని తడి గాజుగుడ్డతో ఒకే దిశలో తుడవండి. నొప్పి భరించలేకపోతే ఆసుపత్రిలో మత్తు జెల్ పూసి చేస్తారు.

తర్వాత గాయాన్ని గాలికి ఆరబెట్టి పక్కు కట్టించాలన్నది తరాలుగా వింటున్న మాట. 1962లో జార్జ్ వింటర్ పందుల చర్మం మీద చేసిన ప్రయోగాలు దీన్ని తలకిందులు చేశాయి. తేమగా కప్పి ఉంచిన గాయం, ఆరబెట్టినదానికన్నా సుమారు రెట్టింపు వేగంగా కప్పుకుంది. కారణం మీరు పైన చదివిందే. కుదుళ్ల నుంచి పాక్కుంటూ వచ్చే కణాలకు తడి నేల కావాలి, ఎండిన పక్కు ఉంటే దాని కిందుగా దారి తవ్వుకుంటూ రావాలి. కాబట్టి పల్చగా పెట్రోలియం జెల్లీ రాసి, అంటుకోని కట్టు వేసి, ఒకటి రెండు రోజులకోసారి మార్చండి. కట్టు ఊడదీసేటప్పుడు అంటుకుంటే నీళ్లు పోసి నానబెట్టండి. లాగితే నాలుగు రోజుల పని నాలుగు సెకన్లలో పోతుంది.

అంచులు నోరు తెరుచుకుంటే, కొవ్వు కనిపిస్తే, 10 నిమిషాలు అదిమినా రక్తం ఆగకపోతే, వేలు మడవలేకపోతే, గాయం అవతల తిమ్మిరి ఉంటే కుట్లకు వెళ్లాలి. వీలైతే 6 నుంచి 8 గంటల లోపు. ధనుర్వాతం ఇంజెక్షన్ ప్రతి గీతకూ అక్కర్లేదు. చిన్నప్పటి టీకాలు పూర్తయినవాళ్లకు శుభ్రమైన చిన్న గాయమైతే చివరి డోసు వేసి 10 ఏళ్లు దాటితేనే, మట్టి పడిన లేదా లోతైన గాయమైతే 5 ఏళ్లు దాటితే వేయించుకోవాలి. ఆ తేదీ ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

కుక్క కరిచినా, గోరు గీసినా

గాయం చిన్నదా పెద్దదా అని చూడొద్దు. వెంటనే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగండి. రేబిస్ వైరస్ చుట్టూ ఉండే కొవ్వు పొరను సబ్బు కరిగిస్తుంది. కారం, సున్నం, నూనె పూయవద్దు. కుట్లు వేయించవద్దు, తప్పనిసరైతే కింద చెప్పిన ఇమ్యునోగ్లోబ్యులిన్ గాయంలోకి ఎక్కించాకే వేస్తారు. రక్తం రాని గీతకు టీకా చాలు. రక్తం వచ్చిన కాటుకు, పుండు మీద నాకినదానికి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను (వైరస్‌ను వెంటనే అడ్డుకునే తయారు యాంటీబాడీల మందు) గాయం చుట్టూ, గాయంలోకి ఎక్కించాలి. ఎక్కిస్తున్నారో లేదో మీరే అడగండి, టీకా వేసి పంపేస్తే సగం పనే అయినట్టు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకాను అంతశ్చర్మంలోకే, 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కండలోకి వేసే పద్ధతిలో 14వ రోజు కూడా ఉంటుంది. ఒక్క డోసూ మానకూడదు, జబ్బు లక్షణాలు మొదలయ్యాక వైద్యం దాదాపు లేదు.

దురద: ఏ పొరలోది?

చెమటకాయలు అన్నిటికన్నా పైపైవి. చెమట గొట్టం మూతి నాని మూసుకుపోతే చెమట పక్కకు కారి పొక్కులు లేస్తాయి. చల్లటి స్నానం, ఫ్యాను, వదులు నూలు బట్టలు, కావాలంటే కాలమైన్. పౌడరు దట్టంగా చల్లితే చెమటతో ముద్దకట్టి మూతుల్ని ఇంకా మూస్తుంది.

తామర దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ పదేళ్లలో మన దేశంలో ఇది మొండికేసింది. ఈ బూజు బాహ్యచర్మపు చచ్చిన పై పొరలో ఉంటూ అక్కడి కెరాటిన్‌నే (చర్మానికి గట్టిదనమిచ్చే ప్రోటీన్) తింటుంది. గుండ్రంగా పెరుగుతూ అంచు ఎర్రగా, పొక్కులతో, మధ్య భాగం మానినట్టు కనబడుతుంది. గజ్జలు, నడుము, తొడలు, రొమ్ముల కింద, అంటే ఎక్కడ చెమట ఆరదో అక్కడ వస్తుంది. మందుకు లొంగని రకానికి శాస్త్రవేత్తలు 2020లో మన దేశం పేరే కలిపి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు.

దీన్ని పెంచి పోషించింది ఎక్కువగా స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు. షాపులో "దురదకు" అనడిగితే బూజు మందు, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మూడూ కలిపిన క్రీము చేతిలో పెడతారు. స్టెరాయిడ్ ఎరుపును, దురదను రెండ్రోజుల్లో అణిచేస్తుంది, తగ్గిందనుకుంటారు. నిజానికి అది అణిచింది బూజుతో పోరాడుతున్న మీ ఒంటి రక్షణను. బూజు అడ్డు లేకుండా పాకుతుంది, మానేస్తే రెట్టింపై తిరిగొస్తుంది, గజ్జల్లో చర్మం పల్చబడి చారలు పడతాయి. 2018లో కేంద్రం ఇలాంటి పూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. కొనేముందు ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటాసాల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ పేరున్నా తామరకు వాడొద్దు.

చేయాల్సింది ఇది. స్టెరాయిడ్ కలవని బూజు మందు క్రీము రాయండి, క్లోట్రిమజోల్ అయితే రోజుకు రెండుసార్లు, లులికొనజోల్ అయితే ఒకసారి. ఆరిన చర్మం మీద, కనిపించే అంచుకు 2 సెంటీమీటర్లు బయటి నుంచి మొదలుపెట్టి లోపలికి రాయండి, బూజు అంచు దాటి ముందుకు పోయి ఉంటుంది కాబట్టి. ఎంత రాయాలి? చూపుడువేలి చివరి గణుపు మీద ట్యూబు నుంచి తీసిన గీత సుమారు అర గ్రాము, అది రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. మచ్చ పోయినట్టు కనిపించాక కూడా 2 వారాలు ఆపవద్దు. మొలతాడు విప్పేయండి. నడుం చుట్టూ తామర మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లలో ఆ తడి తాడు కింద బూజు దాగి ఉంటుంది. ఆచారం వదలలేకపోతే పాతది పారేసి, మానాక కొత్తది కట్టుకోండి. లోదుస్తులు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ వానలకు బట్టలు ఇంట్లోనే ఆరుతాయి, అప్పుడు ఇస్త్రీ పెట్టె వాడండి. ఇంట్లో తామర ఉన్నవాళ్లందరికీ ఒకేసారి మందు పడాలి. రెండు మూడు చోట్ల ఉంటే, గోళ్లకో తలకో పాకితే, 4 వారాలకూ తగ్గకపోతే మాత్రలు కావాలి, అది చర్మవైద్యుల పని.

గజ్జి వేరు. దీనికి కారణం పురుగు. ఆడపురుగు పై పొరలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. రాత్రిపూట దురద ఎక్కువ, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉంటుంది, వేళ్ల సందులు, మణికట్టు, బొడ్డు చుట్టూ పొక్కులు. 5 శాతం పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాలి దాకా, గోళ్ల కింద, వేళ్ల సందుల్లో, ఎక్కడా వదలకుండా రాత్రి రాసి 8 నుంచి 14 గంటలుంచి కడగాలి. పెద్దవాళ్లకు ఒకసారికి 30 గ్రాముల ట్యూబు పడుతుంది. 7 రోజులకు మళ్లీ. దురద లేనివాళ్లు సహా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోవాలి, ఒక్కరు తప్పించుకున్నా అందరికీ తిరిగొస్తుంది. రెండు నెలల్లోపు పసిబిడ్డలకు, గర్భిణులకు డాక్టరునడిగే వాడాలి. పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. మందు పనిచేయలేదని రోజూ రాస్తే చర్మం పేలుతుంది.

సర్పి నరం నుంచి పైకొచ్చేది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పటి వైరస్ నరాల మూలాల్లో పడుకుని, ఏళ్ల తర్వాత లేస్తుంది. ముందు రెండు మూడు రోజులు ఒంటికి ఒక పక్కే మంట, పోటు. తర్వాత పట్టీలా నీటి పొక్కులు, వెన్ను మధ్యగీత దాటవు. తమిళంలో దీన్ని అక్కి అంటారు, కుమ్మరుల చేత కావి మట్టితో రాయించడం ఆచారం. ఎవరి నమ్మకం వారిది, కానీ మొదటి పొక్కు లేచిన 72 గంటల లోపు వైరస్‌ను అణిచే మాత్రలు మొదలైతేనే పూర్తి ఫలితం, ముఖ్యంగా యాభై దాటినవాళ్లకు. నుదుటి మీదో ముక్కు కొస మీదో లేస్తే ఆ రోజే కంటి డాక్టరుకి చూపించండి.

వానల తర్వాత ట్యూబులైటు చుట్టూ తిరిగే నారింజ, నలుపు పట్టీల సన్నని పురుగు ఒకటుంది, బియ్యపు గింజకన్నా కొంచెం పొడవు. అది కుట్టదు. ఒంటి మీద వాలితే మనం చేత్తో నలుపుతాం, దాని రసం చర్మాన్ని కాలుస్తుంది. మర్నాడో ఆ మర్నాడో మెడ మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి గీత, చిన్న చీము పొక్కులు కనిపిస్తాయి. చాలామంది సర్పి అనుకుని హడలిపోతారు. మోచేయి మడతలో రెండువైపులా అద్దంలో బొమ్మలా ఒకే మచ్చ ఉంటే ఇదేనని గుర్తు. వాలినప్పుడు నలపకుండా ఊదేయండి, నలిపితే వెంటనే సబ్బుతో కడగండి.

తెల్లటి మచ్చలు, వ్యాపించే ఎరుపు

ఛాతీ, వీపు మీద లేత మచ్చలు, గోరుతో గీకితే సన్నటి పొట్టు రాలితే శోభి. పై పొర బూజే, షాంపూ రకం మందులకు లొంగుతుంది, రంగు తిరగడానికి నెలలు పడుతుంది. పాలలా తెల్లగా, పొట్టు లేకుండా ఉంటే బొల్లి. రంగు కణాలు పోవడమే కారణం, అంటదు, దానికి వైద్యం ఉంది. లేతగానో రాగి రంగుగానో ఉండి స్పర్శ లేకపోతే కుష్ఠు అని అనుమానించాలి, ఎందుకంటే ఆ క్రిమి అంతశ్చర్మపు నరాల్లో కాపురం పెడుతుంది. పరీక్ష ఇలా చేయండి. దూదిని సన్నటి కొసగా మెలిపెట్టండి. మామూలు చర్మం మీద ఒకసారి తాకించి చూపించండి. తర్వాత కళ్లు మూసుకోమని, తాకినచోట వేలు పెట్టమనండి. మచ్చ మీద పదేపదే గుర్తించలేకపోతే వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. మందులు ఉచితం, 6 నుంచి 12 నెలల వైద్యంతో పూర్తిగా నయమవుతుంది, ఆలస్యమైతే వేళ్లు వంకరపోయేది నరాలు దెబ్బతిని.

వానకు నిలిచిన మురుగునీళ్లలో నడిచి వచ్చాక కాళ్లు సబ్బుతో కడిగి వేళ్ల సందులు పొడిగా తుడవండి. సందులు తెల్లగా నాని ఒరిసిపోతే ఆ చీలికే క్రిములకు వాకిలి. కాలు ఎర్రబడి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీసి పక్కన టైము రాయండి. కొన్ని గంటల్లో గీత దాటితే, జ్వరం వస్తే ఇది సెల్యులైటిస్, అంతశ్చర్మం నుంచి కొవ్వు దాకా పాకిన ఇన్ఫెక్షన్. యాంటీబయాటిక్ ఆ రోజే పడాలి. షుగరు ఉన్నవాళ్లు గీత దాటేదాకా కూడా ఆగొద్దు. వాళ్ల పాదాలకు స్పర్శ తగ్గి ఉంటుంది, స్నానం నీళ్ల వేడి కూడా మోచేత్తో చూసుకోవాలి, రోజూ రాత్రి అరికాలు అద్దంలో చూసుకోవాలి.

అరికాలిలో, అరచేతిలో, గోరు కింద కొత్తగా నల్ల మచ్చ పుట్టి పెరుగుతుంటే, అంచు చెదిరితే, రక్తం చెమ్మగిల్లితే చూపించండి. మన రంగు చర్మంలో మెలనోమా (రంగు కణాల క్యాన్సర్) వస్తే ఎక్కువగా ఈ చోట్లే.

ఓపీకి వెళ్లేటప్పుడు

ఆ ఉదయం పుండు మీద, మచ్చ మీద ఏమీ రాయకండి. రంగు మందులు, పసుపు ఉంటే డాక్టరు చూడగలిగేది ఆ రంగునే. మొదటిరోజు నుంచి రెండ్రోజులకోసారి ఒకే వెలుతురులో తీసిన ఫోటోలు చూపించండి. వాడిన ట్యూబులన్నీ, అయిపోయినవి కూడా, సంచీలో వేసుకెళ్లండి. సెంట్రల్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది, పిల్లలకు ఎగ్మూరు పిల్లల ఆసుపత్రి.

ఇక భాష. మనం తామర అన్నది తమిళంలో పడర్‌తామరై, గజ్జి సొరి సిరంగు, శోభి తేమల్, చెమటకాయలు వేర్‌క్కురు, కాలిన గాయం తీక్కాయం, కుక్క కాటు నాయ్‌క్కడి. దురద అరిప్పు, వాపు వీక్కం, చీము సీళ్. స్పర్శ తెలియడం లేదని చెప్పాలంటే "మరత్తుపోచ్చు" అనండి. ఈ చివరి మాట ముందు చెప్పండి, వరసలో మిమ్మల్ని చూసే తీరు దానితో మారుతుంది.